అవ్వతాతలు చెప్పిన బెంగళూరు



మీ తాతగారి తాతగారి పేరేమిటని ఎవరైనా అడిగితే వెంటనే చెప్పగలరా? మనలో చాలామందిమి తాత దగ్గర, మహా అయితే ముత్తాత దగ్గర ఆగిపోతాం. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలవారిని తలచుకుంటారు కాబట్టి ఆ మూడు పేర్లయినా నిలిచాయి. ఆ ఆచారం లేని ఇళ్లలో అవీ ఉండవు. ఇక అవ్వగారి పుట్టిల్లు ఏ ఊరు, ఆమె తల్లి పేరేమిటి అంటారా, అడిగేవారే తక్కువ.

రాజుల వంశావళి శాసనాల్లో దొరుకుతుంది. మనవంటి వారి వంశావళి ఎక్కడ దొరుకుతుంది? వసారాలో కూర్చుని వక్కాకు దంచుకుంటున్న అవ్వ మాటల్లో దొరుకుతుంది. తాత ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న కాగితాల్లో దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపి చదవడం ఎలాగో, బెంగళూరు చేరిన తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ ప్రసంగంలో ముచ్చటించుకుందాం.

బెంగళూరే ఎందుకంటారా? హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె, పలమనేరు, కుప్పం. ఇటు పావగడ, బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు. ఈ ప్రాంతాల్లో బెంగళూరులో ఒక్క బంధువైనా లేని ఇల్లు అరుదు. ఒకరి అన్న అక్కడ ఉంటాడు, మరొకరి కూతుర్ని అక్కడికి ఇచ్చి ఉంటారు, ఇంకొకరి టొమాటో గంపలు తెల్లవారేసరికి కలాసిపాళ్యం చేరుతుంటాయి. మన సరిహద్దు ఊళ్లకు బెంగళూరు పొరుగు రాష్ట్ర రాజధాని అన్నది తరువాతి మాట. అంతకు ముందు అది మనకు పెద్ద సంత, పెద్దాసుపత్రి, పని దొరికే ఊరు.

ఆ ఊరికి తెలుగు కొత్త కాదు. 1537లో కోట కట్టించి పేటలు వేయించిన కెంపేగౌడ విజయనగర చక్రవర్తులకు సామంతుడు. ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం ఆయన రచన అని చెబుతారు. అంటే ఆ పేటల్లో తెలుగు వినబడడం నగరమంత పాత సంగతే. కాబట్టి బెంగళూరులోని తెలుగువారందరినీ వలసవచ్చిన వారనడం సరికాదు. కొందరు ఊరితోపాటు పుట్టినవారు. కొందరు కరువుకు వచ్చారు, కొందరు వ్యాపారానికి వచ్చారు, కొందరు మిల్లు కూతకు వచ్చారు, కొందరు నిన్నగాక మొన్న కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చారు. మీ కుటుంబం వీటిలో ఏ అలతో వచ్చింది? ఇంటి చరిత్రలో మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

తేల్చుకోవడం ఎలా? పాతకాలపు పెద్దలు ఇంగ్లీషు సంవత్సరాలు చెప్పరు. “ధాత కరువులో మా తాత కొండ దిగాడు”, “మీ ముత్తవ్వ ప్లేగు ఏట పోయింది”, “కరెంటు దీపాలు వచ్చిన ఏడు మా అక్క పెళ్లి” అంటారు. వినేవారికి ఇది లెక్కాపత్రం లేని మాటలాగా తోస్తుంది. నిజానికి ఇంత ఖచ్చితమైన లెక్క మరొకటి లేదు.

ధాత కరువునే తీసుకోండి. 60 సంవత్సరాల చక్రంలో ధాత పదవది. 1876 ఉగాది నుంచి 1877 ఉగాది దాకా నడిచింది ధాత, ఆ తరువాతది ఈశ్వర. కన్నడం మాట్లాడే పెద్దలు ఈ రెంటినీ కలిపి ధాతు ఈశ్వర బరగాలం అంటారు. రాయలసీమ మీద, మైసూరు సంస్థానం మీద ఒకేసారి విరుచుకుపడిన కరువది. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానంలో 50 లక్షలకు పైగా జనం ఉంటే, 1881 లెక్కల్లో సుమారు 42 లక్షలే తేలారు. పదేళ్లలో పెరగవలసిన జనం ఎనిమిది లక్షలు తగ్గారన్నమాట. మీ ఇంట్లో “ధాత కరువు” అన్న మాట ఎవరినోటనైనా వినబడిందంటే, మీ పూర్వులు ఆ మిగిలినవారిలో ఉన్నారని అర్థం. ఆ మాటను ఊరికే పోనివ్వకండి.

ప్లేగు బెంగళూరులో అడుగుపెట్టింది 1898లో. ఆ ఏడు విళంబి. ఇరుకు పేటల్లోంచి జనం ఇళ్లు విడిచి ఊరి బయట గుడిసెల్లో కాపురాలు పెట్టారు. గాలీ వెలుతురూ వచ్చేలా వీధులు తీర్చిన బసవనగుడి, మల్లేశ్వరం జనంతో నిండడానికి ఆ ప్లేగు భయం ఒక పెద్ద కారణం. శివనసముద్రం నుంచి విద్యుత్తు 1902లో మొదట కోలారు బంగారు గనులకు, ఆ తరువాత 1905లో బెంగళూరు వీధులకు వచ్చింది. 1905 విశ్వావసు. రెండు చక్రాలు తిరిగి 2025 ఉగాదికి వచ్చినదీ విశ్వావసే. కాబట్టి పెద్దలు సంవత్సరం పేరు చెబితే, అది ఏ చక్రంలోనిదో వారి వయస్సును బట్టి, పక్కనే జరిగిన సంగతిని బట్టి నిర్ణయించుకోవాలి. 60 ఏళ్లు అటో ఇటో తప్ప, నడుమ తప్పు పోయే అవకాశం లేదు.

మా తాత విళంబిలో పుట్టాడు. “నేను గుడిసెల్లో పుట్టినవాణ్ణి” అనేవాడు. చిన్నప్పుడు మేమంతా అది పేదరికం సంగతి అనుకునేవాళ్లం. ప్లేగు గుడిసెలని మాకు అవ్వ చెప్పింది. తాత తరగుపేట మండీలో లెక్కలు రాసేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చొక్కాకు బెల్లం వాసన, గోనెసంచుల వాసన కలిసి వచ్చేవి. జేబులో మాకోసం నాలుగు పుట్నాలు ఉండేవి. మండీలో కన్నడం, వీధిలో ఉర్దూ, దండు వైపు వెళితే తమిళం, ఇంటికొస్తే తెలుగు. ఇన్ని భాషలు మాట్లాడినా లెక్క మటుకు తెలుగులోనే కూడేవాడు. వేళ్ల కణుపులు పట్టుకుని “ఒకటి ముప్పాతిక, రెండున్నర” అని గొణుక్కుంటూ ఉంటే మేము ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్లం.

అవ్వది చింతామణి వైపు. ఆమె తెలుగులో కన్నడం, కన్నడంలో తెలుగు నీళ్లూ పాలలాగా కలిసి ఉండేవి. ఆకుకూరను సొప్పు అనేది, ఉల్లిపాయను ఎర్రగడ్డ అనేది. చలికాలం వస్తే అనపకాయలు గంపలకొద్దీ తెచ్చి, గింజలు నానబెట్టి, మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టి పొట్టు పితికించేది. బొటనవేలు నొప్పి పుట్టేదాకా పితికిన ఆ పప్పుతో చారు, దానికి తోడు వేడి వేడి రాగిసంగటి. పక్కింటి కన్నడం వారు దానినే అవరెబేళె అనేవారు. పేరు వేరు, పప్పు ఒకటి, గిన్నెలు గోడమీదుగా అటూ ఇటూ తిరిగేవి. కార్తికం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయ పరిషె జరిగితే, అవ్వ దానిని “శెనక్కాయల తిరణాల” అనేది. ఆ రోజు మమ్మల్ని బసవన్న దగ్గరికి నడిపించుకుంటూ తీసుకువెళ్లేది. దారి పొడుగునా ఆ రైతులు ఏ ఏ ఊళ్ల నుంచి వచ్చారో అడిగి తెలుసుకునేది. తన పుట్టింటి వైపువారు దొరికితే, ఆ రోజు మేము ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది.

ఇవన్నీ తీపి జ్ఞాపకాలే కదా, వీటిలో చరిత్ర ఎక్కడుందని మీరు అడగవచ్చు. మాటలోనే ఉంది. వేరుశనగను మీ అవ్వ ఏమంటుందో గమనించండి. శెనక్కాయలు అంటే అనంతపురం, చిత్తూరు వైపు. బుడ్డలు అంటే కర్నూలు వైపు. పల్లీలు అంటే తెలంగాణం. ఉల్లిపాయ అంటుందా, ఎర్రగడ్డ అంటుందా? అవ్వ, జేజి, అమ్మమ్మ, నాయనమ్మ, అజ్జి, వీటిలో మీ ఇంట్లో ఏ పిలుపు నిలిచింది? కాగితాలు చెదలు తినవచ్చు గాని, వంటింటి మాటలు నాలుగు తరాలు నిలుస్తాయి. మీ కుటుంబం ఏ దారిన బెంగళూరు చేరిందో ఆ మాటలు చెబుతాయి.

తాత అన్న మాట ఈ సరిహద్దులో రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. చింతామణి దగ్గర కైవారంలో వెలసిన యోగి నారేయణులను జనం కైవారం తాతయ్య అనే పిలుచుకుంటారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. గురువును కూడా తాతయ్యగా చేసుకున్న నేల ఇది. ఇక్కడ తాత మాటకు ఎంత విలువ ఉందో దీనిని బట్టే తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. పెద్దలు చెప్పినదంతా అక్షరాలా నిజమని రాసుకోకూడదు. మా ఇంటిలోనే ఒక కథ ఉండేది. మా ముత్తాత ధాత కరువులో మడకశిర వైపునుంచి వచ్చి, హిందూపురంలో రైలెక్కి బెంగళూరులో దిగాడని తాత చెప్పేవాడు. వినడానికి బాగానే ఉంది. కాని బెంగళూరుకు మొదటి రైలు 1864లో జోలార్‌పేట వైపునుంచి వచ్చింది. గుంతకల్లు, హిందూపురం మీదుగా వచ్చే లైను పడింది 1890ల మొదట్లో. 1877లో హిందూపురంలో రైలే లేదు. మరి తాత అబద్ధమాడాడా? కాదు. అవ్వను అడిగితే తన అత్తగారు చెప్పిన మాట చెప్పింది: ముత్తాత కరువులో తల్లి వెంట నడిచివచ్చాడట. ఆ తరువాత ఎన్నో ఏళ్లకు, పెళ్లయ్యాక, భార్యను కాపురానికి రైల్లో తీసుకువచ్చాడట. రెండు ప్రయాణాలు ఒక కథలో కలిసిపోయాయి. ఆకలితో నడిచిన దారి మరుగునపడి, రైలు మిగిలింది. మనిషి జ్ఞాపకం అంతే. తట్టుకోలేని దానిని మెల్లగా పక్కకు జరుపుతుంది. అందుకని ఒకే సంగతిని ఇద్దరిని అడగాలి. ముఖ్యంగా ఆడవారిని అడగాలి.

ఈ చివరి మాట ఎందుకన్నానో ఒక ఉదాహరణ చెబుతాను. బెంగళూరు పేరును తన పేరులో నిలుపుకున్న మహావిదుషి బెంగుళూరు నాగరత్నమ్మ మీకు తెలుసు. 1878లో పుట్టి, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన తల్లి. ఆమెకు 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనం’ అచ్చుప్రతి దొరికింది. అది 1887లో అచ్చయిన పుస్తకం. అందులో కొన్ని పద్యాలతోపాటు కవయిత్రి తన వంశం చెప్పుకున్న పీఠిక కూడా లేదు. తన అవ్వ తంజనాయకి మొదలైనవారిని ముద్దుపళని తలచుకున్న భాగమది. నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, సరిచూసి, విడిచిపెట్టినవన్నీ చేర్చి 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చువేయించింది. తరువాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించడం, స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ఆ నిషేధం తొలగడం వేరే కథ. మనం ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. అంత పెద్ద కావ్యం రాసిన మనిషి చరిత్రలోనే, మొదట రాలిపోయింది అవ్వ పేరు. మరి మామూలు ఇళ్లలో సంగతి చెప్పాలా? వంశవృక్షాలు గీసినప్పుడు కొడుకుల పేర్లు కొమ్మలుగా సాగిపోతాయి. కోడళ్లు, కూతుళ్లు, చిన్నతనంలో పోయిన బిడ్డలు ఆకుల్లాగా రాలిపోతారు. దానిని సరిచేసే పని మన చేతిలో ఉంది.

ఇక కాగితాల సంగతి. ఇక్కడే మన సరిహద్దు కుటుంబాలకు ఒక చిక్కు వచ్చిపడింది. మా తాత పోయాక ఆయన పెట్టె తెరిస్తే మండీ చిట్టాలు, పోస్టు కార్డులు, రెండు మూడు దస్తావేజులు, పెళ్లి పత్రికలు, ఒక పాత పంచాంగం దొరికాయి. కార్డుల్లో చాలావరకు తెలుగులో రాసినవే. ఈరోజు మా ఇంటిలోని పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, బళ్లో కన్నడం, ఇంగ్లీషు చదివారు. తాత రాసిన కార్డు చేతికిస్తే మటుకు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేస్తారు. మాట ఉంది, లిపి పోయింది. తాత గొంతు వారికి తెలుసు గాని తాత రాత తెలియదు. ఇది మా ఒక్కరి ఇంటి సంగతి కాదు, బెంగళూరులో వేల ఇళ్ల సంగతి. కర్ణాటకం వైపున్న మన పల్లెల్లోనూ ఇంతే.

అయితే దీనికి విరుగుడు పెద్ద దూరంలో లేదు. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి పిల్లలు. కొన్ని వందల ఏళ్లపాటు రెండు భాషలకూ ఒకే లిపి నడిచింది. అవి మెల్లగా వేరుపడుతూ వచ్చాయి, అచ్చుయంత్రం వచ్చాక ఆ తేడాలు స్థిరపడ్డాయి. గ, జ, ద, బ, ర, ల వంటి అక్షరాలు నేటికీ దాదాపు ఒకటే. తలకట్టు తేడా, క, త, న వంటి కొన్ని అక్షరాల తేడా పట్టుకుంటే చాలు. కన్నడం చదివిన పిల్లవాడు వేసవి సెలవుల్లో, రోజుకు ఒక గంట కూర్చుంటే తెలుగు చదవగలడు. అటు ఆంధ్ర వైపు పిల్లలు కూడా అంతే సులువుగా కన్నడం చదవగలరు. వారికీ అది అవసరమే, ఎందుకంటే వారి అవ్వ పుట్టింటి దస్తావేజులు కన్నడంలో ఉండవచ్చు.

దస్తావేజుల మాట వచ్చింది కాబట్టి మరొక సంగతి. మన తాతలనాటికి ఈ సరిహద్దు రెండు రాష్ట్రాల మధ్య గీత కాదు. ఒకవైపు మైసూరు మహారాజావారి సంస్థానం, మరొకవైపు ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. హిందూపురం, మడకశిర మద్రాసు వైపు. దాదాపు చుట్టూ అప్పటి అనంతపురం జిల్లాయే ఉన్నా పావగడ మైసూరు వైపు. బళ్లారి 1953 దాకా మద్రాసులో ఉండి, ఆ అక్టోబరు 1న మైసూరులో కలిసింది. అదే రోజు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. అన్నదమ్ములు అటొకరు ఇటొకరు అయ్యారు. కాబట్టి మైసూరు వైపు పాత సర్కారు రికార్డులు వెతకాలంటే బెంగళూరులోని కర్ణాటక ప్రాచీన పత్రాగారానికి వెళ్లాలి. మద్రాసు వైపు పాత రికార్డులు చెన్నై ఎగ్మూరులోని పత్రాగారంలో ఉన్నాయి. అంతదూరం పోలేనివారికి దగ్గరలో రిజిస్ట్రారు కచేరీ ఉంది, ఊరి బడిలో చేరికల రిజిస్టరు ఉంది, గుడిలో చందాలిచ్చిన వారి పేర్లు చెక్కిన రాళ్లున్నాయి.

ఇక మీరు చేయవలసిన పని చెబుతాను. ఒక నోటు పుస్తకం తీసుకుని పెద్దల దగ్గర కూర్చోండి. పరీక్షలాగా ప్రశ్నలు వేయకండి. అనపకాయలు ఒలుస్తూనో, పాత ఫోటోలు ముందు వేసుకునో మాటలోకి దింపండి. ఏ సంవత్సరంలో పుట్టారని కాక, పుట్టినప్పుడు ఊళ్లో ఏం జరిగిందని అడగండి. బెంగళూరుకు మొదట వచ్చినది ఎవరు, ఎవరి ఇంట్లో దిగారు, మొదటి పని ఏమిటి అని అడగండి. 1884లో మొదలైన బిన్నీ మిల్లా, 2001లో మూతపడిన కోలారు గనులా, 1940లో పెట్టిన హిందుస్థాన్ విమానాల కర్మాగారమా? ఆ జవాబుతో ఒక తరం కథ తెరుచుకుంటుంది. ఇంటిదేవుడు ఎవరు, మొక్కు తీర్చడానికి ఏ ఊరు వెళతారు? ఇల్లు మారినా ఇంటిదేవుడు మారడు కాబట్టి అసలు ఊరు అక్కడే బయటపడుతుంది. ఆడవారి పుట్టిళ్ల పేర్లు తప్పక రాయండి. నేటి టెలిఫోనులోనే గొంతు కూడా పట్టిపెట్టవచ్చు. రాతలో పోయే యాస గొంతులో నిలుస్తుంది.

వారు చెప్పడానికి ఇష్టపడనివి కొన్ని ఉంటాయి. పోయిన బిడ్డలు, పోయిన భూమి, ఒకరింట చేసిన జీతగాడి బతుకు, పడిన అవమానం. తరచి తరచి అడగకండి. ఆ మౌనం పక్కన ఊరికే కూర్చోండి. ఒకనాడు వారే చెబుతారు. చెప్పకపోయినా, అక్కడ ఒక బాధ ఉందని మీకు తెలిసింది కదా, ఆ మాత్రం చాలు.

శ్రోతలారా, రాజుల చరిత్ర రాయడానికి పండితులున్నారు. కరువులో నడిచివచ్చి, గుడిసెల్లో బిడ్డలను కని, మండీల్లో మూటలు మోసి, మిల్లుల్లో నూలు వడికి మనలను ఇంతవారిని చేసినవారి చరిత్ర రాయడానికి మనం తప్ప వేరే ఎవరూ లేరు. పుస్తకాన్ని రేపు కూడా చదువుకోవచ్చు. 85 ఏళ్ల అవ్వను మటుకు ఈ వారమే అడగాలి. వీలైతే వచ్చే ఆదివారం బెంగళూరు బస్సెక్కి, నాలుగు దోసిళ్ల శెనక్కాయలు మూటగట్టుకుని, మీ పెద్దవారింటికి వెళ్లిరండి.